రాతి పొరలను చదివిన కమ్మరి కొడుకు – విలియం స్మిత్



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసి చెప్పారు. అంబేడ్కర్ గారి గురించి, పూలే గారి గురించి, అబ్దుల్ కలాం గారి గురించి మన సంచికలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. పదో తరగతిలో ఉన్నప్పుడు నేనూ కలాం గారి మీద రాశాను. ఈసారి మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన పేరు విలియం స్మిత్. ఇంగ్లండులో కమ్మరి ఇంట పుట్టాడు. కాలేజీ గడప తొక్కలేదు. అయినా ఈ రోజు నేను చదువుతున్న ఎం.ఎస్సీ. జియాలజీలో ఒక పేపరుకు పునాది వేసినవాడు ఆయనే.

నేను ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబుతాను. మా నాన్న బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో కూలి. చిన్నప్పుడు సెలవుల్లో సద్ది తీసుకొని గనికి వెళ్ళేవాణ్ణి. అక్కడ రాయి పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. ఏ పొర శుభ్రంగా లేస్తుందో, ఏ పొర మధ్యలో విరుగుతుందో నాన్న చూడగానే చెప్పేవాడు. ఆయన బడికి పోలేదు. అది విద్య అని నాకు అప్పుడు తెలియదు. యూనివర్సిటీలో చేరాక, మొదటి సెమిస్టర్‌లో మా సారు విలియం స్మిత్ గురించి చెబుతుంటే నాకు క్లాసులో నాన్న గుర్తుకొచ్చాడు. అందుకే ఈ వ్యాసం.

బాల్యం

విలియం స్మిత్ 1769 మార్చి 23న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జాన్ స్మిత్ ఊరి కమ్మరి. విలియంకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తండ్రి చనిపోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పిల్లవాణ్ణి తండ్రి తోడబుట్టిన ఒక రైతు పెంచాడు. చదువంతా ఊరి బడితోనే సరి.

ఆ ఊరి పొలాల్లో దుక్కి దున్నినప్పుడు చిన్న చిన్న గుండ్రటి రాళ్ళు బయటపడేవి. పిల్లలు వాటితో గోళీలాడేవారు. అవి నిజానికి రాళ్ళు కావు, ఎప్పుడో సముద్రంలో బతికిన గుల్లజీవుల శిలాజాలు. ఇంకో రకం రాళ్ళు పెద్దవిగా, బన్నులాగా గుండ్రంగా ఉండేవి. వాటి మీద అయిదు రేకుల పువ్వులాంటి గుర్తు ఉండేది. పాలు పితికి వెన్న తీసే ఆడవాళ్ళు వాటిని వెన్న తూచడానికి పౌండు గుండ్లుగా వాడుకునేవారు. అవి సముద్రపు అర్చిన్ అనే జీవి శిలాజాలు. ఊళ్ళో అందరూ వాటిని చూశారు, అందరూ వాడుకున్నారు. సముద్రానికి అంత దూరంలో ఉన్న పొలంలోకి అవి ఎలా వచ్చాయని ఆలోచించినవాడు మాత్రం ఈ తండ్రి లేని పిల్లవాడు. వాటిని ఏరి దాచుకునేవాడు. పెంచిన రైతుకు ఈ రాళ్ళ పిచ్చి నచ్చేది కాదు. కానీ కొలతలు, లెక్కలు నేర్చుకోవడానికి పుస్తకాలు కొనుక్కుంటానంటే కొంత డబ్బు ఇచ్చాడు. జ్యామితి విలియం తనంతట తనే నేర్చుకున్నాడు.

గొలుసు పట్టిన కుర్రాడు

1787లో ఎడ్వర్డ్ వెబ్ అనే సర్వేయరు చర్చిల్ పొలాలు కొలవడానికి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళ విలియంను సహాయకుడిగా పెట్టుకున్నాడు. గొలుసు పట్టడం, కోణాలు తీయడం, పటం గీయడం అన్నీ విలియం అక్కడే నేర్చుకున్నాడు. నేర్చుకున్న కొద్ది కాలానికే తనంతట తాను సర్వే చేసే స్థాయికి వచ్చాడు.

1791లో ఒక ఎస్టేటు కొలిచే పని మీద సోమర్సెట్ ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ బొగ్గు గనులున్నాయి. హై లిటిల్టన్ అనే ఊళ్ళో మియర్న్స్ గనిలోకి దిగి చూశాడు. బొగ్గు పొరలు, వాటి మధ్య రాతి పొరలు ఒక వరుసలో ఉన్నాయి. పక్క గనిలోనూ అదే వరుస. ఈ సంగతి గని కార్మికులకు బాగా తెలుసు. ప్రతి పొరకూ వాళ్ళు ఒక పేరు కూడా పెట్టుకున్నారు. అయితే బొగ్గుకు పైన ఉన్న ఎర్రమట్టిలో, రాతిలో అలాంటి వరుస ఏమీ లేదని వాళ్ళు నమ్మేవారు. స్మిత్‌కు ఆ మాట మింగుడుపడలేదు. కింద క్రమం ఉన్నప్పుడు పైన ఎందుకు ఉండదు? ఆ ప్రశ్నే ఆయన్ను జీవితాంతం నడిపించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి తమ్ముళ్ళూ. పుస్తకాలు రాసే పండితులు అప్పటికి భూమి ఎలా పుట్టిందని గదుల్లో కూర్చొని వాదించుకుంటున్నారు. పొరల క్రమం మాత్రం బొగ్గు తవ్వేవాళ్ళ నోట్లో ఉంది. స్మిత్ వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, నేర్చుకొని వాళ్ళు ఆగిన చోటు నుంచి ముందుకు వెళ్ళాడు.

కాలువ తవ్వకం – కళ్ళు తెరిచిన కాలం

ఆ రోజుల్లో రైళ్ళు లేవు. బొగ్గును పడవల మీద చేరవేయాలి. అందుకని సోమర్సెట్ బొగ్గు కాలువ తవ్వాలని కంపెనీవారు నిర్ణయించి, సర్వే పని స్మిత్‌కు అప్పగించారు. 1794లో కంపెనీ కమిటీ సభ్యులు ఇద్దరితో కలిసి వేరే కాలువలు చూడడానికి గుర్రబ్బండిలో ఉత్తర ఇంగ్లండు దాకా సుమారు 900 మైళ్ళు తిరిగివచ్చాడు. వాళ్ళిద్దరూ కాలువల గురించి ఆలోచిస్తుంటే, ఈయన కిటికీలోంచి కొండల ఆకారం, దున్నిన నేల రంగు చూసుకుంటూ, సోమర్సెట్‌లోని పొరలే ఇక్కడి దాకా సాగుతున్నాయని పోల్చుకున్నాడు.

కాలువకు రెండు శాఖలు. రెండూ దాదాపు సమాంతరంగా ఉన్న రెండు లోయల్లో వెళ్తాయి. మైళ్ళ కొద్దీ నేలను కోస్తుంటే లోపలి పొరలన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. అప్పుడు స్మిత్‌కు రెండు సంగతులు తెలిశాయి.

మొదటిది, పొరలు బల్ల పరుపుగా లేవు. అరలో పుస్తకాల వరుస ఒక పక్కకు ఒరిగినట్టు అన్నీ తూర్పు వైపుకు కొద్దిగా వాలి ఉన్నాయి. అందుకే పడమర నుంచి తూర్పుకు నడుస్తూ పోతే ఒక్కొక్క పొర అంచు దాటుకుంటూ, పాత రాతి మీది నుంచి కొత్త రాతి మీదికి వెళ్తాం.

రెండోదే అసలైనది. కొన్ని పొరలు చూడడానికి అచ్చం ఒకేలా ఉంటాయి. ఒక బంకమట్టి కింద ఉంటుంది, దాని మీద సున్నపురాయి, మళ్ళీ పైన ఇంకో బంకమట్టి. రెండు మట్టి ముద్దలు చేతికిస్తే ఏది ఏదో చెప్పలేం. కానీ వాటిలోని శిలాజాలు వేరు. ప్రతి పొరకూ తనవైన శిలాజాలు ఉన్నాయి. కాలువ ఈ చివరన ఉన్నా ఆ చివరన ఉన్నా, ఆ పొరలో ఆ గుల్లలే దొరుకుతున్నాయి. 1796 జనవరిలో డంకర్టన్ అనే ఊళ్ళో ఒక సత్రంలో బస చేసినప్పుడు ఈ సంగతి మొదటిసారి కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు.

గోడ మీది పోస్టర్లు

ఇది మీకు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాను. మన బస్టాండు గోడ చూశారు కదా. సినిమా పోస్టర్ల మీద పోస్టర్లు అంటిస్తూ పోతారు. గోడకు ఆనుకున్నది అన్నిటికంటే పాతది. పైన కనిపించేది కొత్తది. వాటి మీద సంవత్సరం రాసి ఉండకపోయినా ఏది ముందు, ఏది వెనుక అని చెప్పగలం. ఇది పొరల క్రమం.

ఇప్పుడు ఇరవై మైళ్ళ దూరంలో ఇంకో ఊరి బస్టాండు గోడ గీకి చూశారనుకోండి. అక్కడా పోస్టర్ల పొరలు ఉంటాయి. కాగితం రంగు చూసి పోల్చలేం, పచ్చ కాగితం ఎన్ని సినిమాలకైనా వాడతారు. కానీ హీరో బొమ్మ, సినిమా పేరు కనబడితే చాలు. ఈ గోడలో ఆ పోస్టరూ ఆ గోడలో ఈ పోస్టరూ ఒకే కాలానివని తేలిపోతుంది. ఒక గోడ మీద కొన్ని పోస్టర్లు చినిగిపోయి ఉండవచ్చు. రెండు మూడు ఊళ్ళ గోడలు కలిపి చూస్తే ఖాళీలు కూడా నిండుతాయి. కాగితం రంగు అంటే రాయి. హీరో బొమ్మ అంటే శిలాజం. వేరువేరు చోట్ల ఉన్న పొరలను ఇలా జత కలపడాన్నే మేము కోరిలేషన్ అంటాం.

శిలాజాల వల్ల ఇది ఎందుకు కుదురుతుందంటే, ఒక జీవజాతి భూమి మీద కొంత కాలమే ఉంటుంది. అంతరించిపోయాక మళ్ళీ పుట్టదు. తక్కువ కాలం బతికి, ఎక్కువ దూరం వ్యాపించి, గుర్తుపట్టడానికి వీలుగా ఉండే జీవి మాకు బాగా పనికివస్తుంది. అలాంటి వాటిలో అమ్మోనైట్ ఒకటి. చక్రంలా చుట్టుకున్న గుల్ల. మీకు కొత్తేమీ కాదు. గండకీ నది నుంచి వచ్చే సాలగ్రామాలు చాలావరకు అమ్మోనైట్ శిలాజాలే. స్మిత్ సోమర్సెట్‌లో ఏరిన అమ్మోనైట్లూ, హిమాలయాల్లోంచి కొట్టుకొచ్చే ఆ సాలగ్రామాలూ జురాసిక్ అనే ఒకే యుగంలో బతికిన బంధువులు.

జీవులు ఎందుకు మారుతూ వచ్చాయో స్మిత్ చెప్పలేదు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. ఆ పొరల వయసు ఎన్ని సంవత్సరాలో కూడా స్మిత్‌కు తెలియదు. రేడియోధార్మికతతో రాళ్ళ వయసు లెక్కగట్టడం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. సోమర్సెట్ బొగ్గు సుమారు 31 కోట్ల ఏళ్ళ నాటిదని ఇప్పుడు మనకు తెలుసు. కానీ వరుస మాత్రం స్మిత్ చెప్పినదే. అంకెలు తరువాత వచ్చి ఆ వరుసలో కూర్చున్నాయి.

నోటితో చెప్పాడు, ఇంకొకరు రాశారు

1799లో కాలువ కంపెనీవారు స్మిత్‌ను ఉద్యోగం నుంచి తీసివేశారు. ఆ సంవత్సరమే ఆయన జీవితంలో ఇంకో మలుపు. బెంజమిన్ రిచర్డ్‌సన్ అనే చర్చి గురువు దగ్గర పెద్ద శిలాజాల సేకరణ ఉండేది. ఆయన వాటిని ఆకారాన్ని బట్టి సర్దుకున్నాడు. స్మిత్ వచ్చి చూసి, ఏ శిలాజం ఏ పొరలోదో చెబుతూ అన్నిటినీ పొరల వరుసలో మళ్ళీ సర్దాడు. ఆ మనిషి ఆశ్చర్యపోయాడు. జోసెఫ్ టౌన్‌సెండ్ అనే ఇంకో గురువుతో కలిసి, స్మిత్ చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడానికి డండ్రీ అనే కొండకు వెళ్ళారు. కొండపైన ఏ రాయి, ఏ శిలాజం దొరుకుతుందని స్మిత్ చెప్పాడో అదే దొరికింది.

తరువాత బాత్ నగరంలో టౌన్‌సెండ్ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. స్మిత్ చెబుతుంటే రిచర్డ్‌సన్ రాశాడు. పైన సుద్ద నుంచి కింద బొగ్గు దాకా 23 పొరలు, వాటి మందం, వాటిలోని శిలాజాలు. ఆ కాగితానికి నకళ్ళు తీసి అందరికీ పంచారు. నకలు నుంచి నకలు పుట్టి ఎక్కడెక్కడికో వెళ్ళింది. స్మిత్ ఎవరికీ అడ్డు చెప్పలేదు. అడిగిన ప్రతివాడికీ తనకు తెలిసిందంతా చెప్పాడు. కానీ తన పేరుతో పుస్తకం వేయలేదు. వేయాలని 1801లో ఒక ప్రకటన పత్రం మాత్రం అచ్చువేసి, అక్కడే ఆగిపోయాడు. రాయడం ఆయనకు కష్టంగా ఉండేది. పొట్టకూటికి ఊళ్ళు తిరగక తప్పేది కాదు. తమ్ముళ్ళూ, ఆయన కష్టాలకు సగం కారణం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

పదిహేనేళ్ళ పటం

ఉద్యోగం పోయాక స్మిత్ సొంతంగా పని చేయడం మొదలుపెట్టాడు. చిత్తడి నేలల్లో నీరు తీసేయడం, కాలువలు, బొగ్గు ఎక్కడ దొరుకుతుందో చెప్పడం ఆయన పనులు. కొన్ని సంవత్సరాల్లో దాదాపు పదివేల మైళ్ళు తిరిగాడు. గుర్రం మీద, గుర్రబ్బండిలో, నడిచి. తిరిగిన ప్రతిచోటా రాయి చూశాడు, శిలాజాలు ఏరాడు, పటంలో రంగు వేశాడు.

ఆయన విద్య ఎంత విలువైనదో చెప్పడానికి ఒక సంగతి చాలు. బ్రూటన్ అనే ఊరి దగ్గర కొందరు నల్లని మట్టి పొర చూసి కింద బొగ్గు ఉందనుకొని డబ్బు పోసి తవ్వించారు. ఆ మట్టిలోని శిలాజాలు చూసి స్మిత్ ఇది బొగ్గుకు ఎంతో పైన ఉండే పొర, ఇక్కడ తవ్వడం దండగ అని చెప్పాడు. చివరికి అక్కడ బొగ్గు దొరకలేదు. రంగు మోసం చేసింది, గుల్ల మోసం చేయలేదు.

1815లో జాన్ కేరీ అనే పటాల ప్రచురణకర్త స్మిత్ పటాన్ని లండన్‌లో అచ్చువేశాడు. ఇంగ్లండు, వేల్స్ మొత్తం, స్కాట్లండులో కొంత భాగం. 15 కాగితాలు కలిపితే ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అంగుళానికి అయిదు మైళ్ళ కొలత. ఒక్కో పొరకు ఒక్కో రంగు, అదీ చేత్తో వేసినదే. ప్రతి పొర అడుగు అంచున రంగు ముదురుగా, పైకి పోయేకొద్దీ పలుచగా వేయించాడు. దాని వల్ల ఏ పొర కింద ఏ పొర దూరుతుందో చూడగానే తెలుస్తుంది. ఒక దేశం మొత్తానికి అంత వివరంగా, పొరల క్రమాన్ని అనుసరించి గీసిన మొదటి భూగర్భ పటం అదే. దాదాపు 400 ప్రతులు తయారయ్యాయి. పదిహేనేళ్ళకు పైగా ఒక్క మనిషి చేసిన పని.

పెద్దమనుషుల సంఘం

లండన్‌లో 1807లో జియలాజికల్ సొసైటీ ఏర్పడింది. అందులో ఎక్కువమంది ఆస్తిపరులు, పెద్ద చదువులు చదివినవాళ్ళు. మొదటి అధ్యక్షుడు జార్జ్ బెల్లాస్ గ్రీనఫ్ ధనవంతుడు, పార్లమెంటు సభ్యుడు. భూగర్భశాస్త్రం వాళ్ళకు అభిరుచి. స్మిత్‌కు అది కూడు. కూలి తీసుకొని నేల కొలిచేవాణ్ణి వాళ్ళు తమలో ఒకడిగా చూడలేదు. 1808లో గ్రీనఫ్, మరికొందరు సభ్యులు స్మిత్ ఇంటికి వచ్చి పొరల వరుసలో సర్దిన శిలాజాలు చూసి వెళ్ళారు. సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు.

ఆ తరువాత ఆ సంఘమే ఒక పటం తయారుచేయడం మొదలుపెట్టింది. స్మిత్ కనిపెట్టిన సమాచారాన్ని అందులో చాలావరకు వాడుకున్నారు. 1820లో గ్రీనఫ్ పేరుతో ఆ పటం బయటకు వచ్చింది. స్మిత్ పటం కంటే చౌకగా అమ్మారు. స్మిత్ పటం అమ్మకం దెబ్బతింది.

ఇలా చదువుతుంటే మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. స్మిత్ కష్టాలన్నిటికీ వాళ్ళే కారణం కాదు. బాత్ దగ్గర అప్పు చేసి రాతి గని పెట్టాడు. దేశమంతటి రాళ్ళూ తెలిసిన మనిషి, తన సొంత గనిలో రాయి అనుకున్నంత మంచిది కాక నష్టపోయాడు. లండన్‌లో పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. భార్య మేరీ ఆన్ మానసిక అనారోగ్యంతో బాధపడేది. అక్క చెల్లెళ్ళలో ఒకరి కొడుకు జాన్ ఫిలిప్స్ తల్లిదండ్రులు పోయి అనాథ అయితే ఆ పిల్లవాణ్ణి కూడా తనే సాకాడు. ఖర్చులు పెరిగాయి, రాబడి లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఏరిన శిలాజాలను, రెండువేలకు పైగా ఉన్నవాటిని, బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకున్నాడు. మొత్తం మీద 700 పౌండ్లు వచ్చాయి. అది అప్పులకే చాలలేదు.

అప్పుల జైలు

1819 జూన్‌లో స్మిత్‌ను అప్పు తీర్చలేదని లండన్‌లోని కింగ్స్ బెంచ్ జైల్లో పెట్టారు. ఆగస్టు 31న విడుదలయ్యాడు. రెండున్నర నెలలకు పైగా లోపల ఉన్నాడు. బయటకు వచ్చి ఇంటికి వెళ్తే జప్తు చేసేవాళ్ళు ఇంటిని స్వాధీనం చేసుకొని ఉన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. దేశం మొత్తం నేలను పటంలో ఎక్కించిన మనిషికి ఆ దేశంలో నిలవనీడ లేకుండా పోయింది. భార్యను, మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని లండన్ వదిలి ఉత్తరాదికి వెళ్ళిపోయాడు.

తరువాత చాలా ఏళ్ళు యార్క్‌షైర్‌లో ఎక్కడ సర్వే పని దొరికితే అక్కడ ఉన్నాడు. రాళ్ళను మాత్రం వదలలేదు. 1824లో యార్క్‌లో మేనల్లుడితో కలిసి భూగర్భశాస్త్రం మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. హ్యాక్‌నెస్ అనే ఊళ్ళో సర్ జాన్ జాన్‌స్టన్ అనే భూస్వామి ఆయన గొప్పతనం తెలుసుకొని 1828లో తన ఎస్టేటు చూసుకునే ఉద్యోగం ఇచ్చాడు. స్కార్‌బరో పట్టణంలో 1829లో గుండ్రటి మ్యూజియం ఒకటి కట్టారు. శిలాజాలను అరల్లో కింద పాతవి, పైన కొత్తవి వచ్చేట్టు పొరల వరుసలోనే సర్దాలని స్మిత్ సలహా ఇచ్చాడు. అలాగే చేశారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

కాలం మారింది. జియలాజికల్ సొసైటీలో కొత్త తరం వచ్చింది. 1831లో ఆ సంఘమే వొలాస్టన్ పతకం అనే తన అత్యున్నత పురస్కారాన్ని మొట్టమొదటిసారి ఇవ్వవలసి వచ్చినప్పుడు విలియం స్మిత్‌ను ఎన్నుకుంది. అప్పటి అధ్యక్షుడు, కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ ఆడమ్ సెడ్జ్‌విక్ ఆయన్ను ఇంగ్లండు భూగర్భశాస్త్రానికి పితామహుడని కొనియాడాడు. 1832 నుంచి ప్రభుత్వం ఏడాదికి 100 పౌండ్ల పింఛను ఇచ్చింది. 1835లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఊరి బడితో చదువు ఆగిపోయిన కమ్మరి కొడుకు అరవై ఆరేళ్ళ వయసులో డాక్టర్ స్మిత్ అయ్యాడు. 1838లో లండన్ పార్లమెంటు కొత్త భవనానికి ఏ రాయి వాడాలో నిర్ణయించే సంఘంలో ఆయన్ను సభ్యుడిగా వేశారు.

1839లో బర్మింగ్‌హామ్‌లో జరిగే శాస్త్రవేత్తల సభకు వెళ్తూ దారిలో నార్తాంప్టన్‌లో ఆగాడు. అక్కడే జలుబు చేసి, ముదిరి, ఆగస్టు 28న కన్నుమూశాడు. ఆ ఊరి సెయింట్ పీటర్స్ చర్చిలో సమాధి చేశారు.

ఆయన సాకిన అనాథ మేనల్లుడు జాన్ ఫిలిప్స్ ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం బోధించే స్థాయికి ఎదిగాడు. 1841లో శిలాజాల ఆధారంగానే భూమి చరిత్రను పురాజీవ, మధ్యజీవ, నవజీవ మహాయుగాలుగా విభజించాడు. మా పాఠ్యపుస్తకాల్లో ఈ రోజుకూ ఉన్నవి ఆ పేర్లే. 1844లో మామయ్య జీవిత చరిత్ర కూడా రాశాడు. స్మిత్ గురించి మనకు తెలిసిన వాటిలో చాలా సంగతులు ఆ పుస్తకం వల్లే తెలిశాయి. 1865లో గ్రీనఫ్ పటాన్ని తిరిగి అచ్చువేసినప్పుడు అది స్మిత్ పటం ఆధారంగా తయారైందని సొసైటీ ఒప్పుకుంది. ఇప్పుడు లండన్‌లో ఆ సంఘం భవనంలో స్మిత్ పటాన్ని గౌరవంగా వేలాడదీశారు.

మన నేలలో ఆయన పద్ధతి

ఇదంతా ఇంగ్లండు సంగతి, మనకెందుకు అనుకోకండి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు ఉన్న రాతి పొరల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు దొరుకుతాయి. అవే ఆకులు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో కూడా ఒకే యుగం నాటి పొరల్లో దొరికాయి. ఒకప్పుడు ఈ ఖండాలన్నీ కలిసి ఉండేవని చెప్పడానికి అది పెద్ద ఆధారం. రాజమండ్రి దగ్గర క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు పొర ఒకటి ఇరుక్కుని ఉంది. అందులోని కంటికి కనబడనంత చిన్న శిలాజాలు చూసి, డైనోసార్లు అంతరించిన వెంటనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం ఆ పొర పేరుకుందని తేల్చారు. బొగ్గు కోసమైనా, చమురు కోసమైనా బోరు వేసినప్పుడు పైకి వచ్చిన రాతి ముక్కల్లో శిలాజాలు వెతకడం స్మిత్ చూపిన దారే.

మా బేతంచెర్ల నాపరాయిలో మాత్రం గుల్లలు దొరకవు. చిన్నప్పుడు నేను చాలా వెతికాను. అది గుల్లలున్న జంతువులు సముద్రాల్లో విస్తరించక ముందే పేరుకున్న రాయి అని యూనివర్సిటీకి వచ్చాకే తెలిసింది. స్మిత్ పద్ధతికి కూడా అందనంత పాత రాయి మా నాన్న రోజూ పగలగొడుతున్నాడు.

చివరిగా

తమ్ముళ్ళూ, మన ఇళ్ళల్లో చదువుకున్నవాళ్ళు లేకపోవచ్చు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. కానీ మన ఇళ్ళల్లో విద్య లేదని అనుకోకండి. బావి తవ్వేవాళ్ళకు నేల తెలుసు. చేపలు పట్టేవాళ్ళకు నీరు తెలుసు. గొర్రెలు కాసేవాళ్ళకు గడ్డి తెలుసు. అది ఎవరూ రాసి పెట్టలేదు, అంతే. స్మిత్ బొగ్గు కార్మికుల విద్యను శాస్త్రం చేశాడు. కానీ తన పేరుతో అచ్చులో పెట్టడానికి పదిహేనేళ్ళకు పైగా ఆలస్యం చేశాడు. ఆ లోపు ఆయన చెప్పింది ఎందరి చేతుల్లోకో వెళ్ళిపోయింది. కాబట్టి మీకు తెలిసింది నలుగురికీ చెప్పండి, స్మిత్ లాగా దాచుకోకుండా చెప్పండి. దానితోపాటు తారీఖు వేసి, పేరు రాసి, నోటుబుక్కులో పెట్టుకోండి.

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నతో గనికి వెళ్ళి, పైనుంచి కింద దాకా ప్రతి పొరనూ కూలీలు ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకున్నాను. పదకొండు పొరలకు పేర్లున్నాయి. ఇవన్నీ ఎందుకు రాసుకుంటున్నావని నాన్న అడిగాడు. విలియం స్మిత్ కథ మొత్తం చెప్పాను. జైలు సంగతి వచ్చేసరికి నాన్న చేతిలో సుత్తి పక్కన పెట్టి కూర్చొని విన్నాడు. ఆ పదకొండు పొరల పట్టిక ఇప్పుడు నా ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ. చెప్పినవారి పేరు దగ్గర మా నాన్న పేరు రాశాను.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. (జియాలజీ) ద్వితీయ సంవత్సరం